పేలుడు ఆకాశంలో, కొలత మన చేతిలో

2022 అక్టోబరు 9, ఆదివారం. మన గడియారాల్లో సాయంత్రం 6 గంటల 47 నిమిషాలు కావస్తోంది. భూమి చుట్టూ తిరుగుతున్న ఫెర్మీ అంతరిక్ష దూరదర్శినిలో గామా కిరణాల లెక్క ఉన్నట్టుండి పెరగడం మొదలైంది. నాలుగు నిమిషాలు తిరిగేసరికి అది ఎంత పెరిగిందంటే, ఆ డిటెక్టర్లు లెక్కపెట్టగలిగిన హద్దును దాటిపోయింది. 53 నిమిషాల తరువాత స్విఫ్ట్ అనే మరో దూరదర్శిని అదే దిక్కున ఒక కొత్త వెలుగును పట్టుకుంది. అసలు పేలుడు జరిగిన సమయానికి ఆ దిక్కు స్విఫ్ట్ చూపులో లేదు. పైగా ఆ చోటు ఆకాశంలో పాలపుంత పట్టీకి దగ్గరగా ఉంది. దాంతో ఇది మన గెలాక్సీలోని వస్తువే అయి ఉంటుందనుకుని దానికి గామా పేలుడు పేరు కాకుండా మామూలు ఎక్స్‌రే వనరు పేరు పెట్టారు. ఫెర్మీ గమనించినదాన్ని పక్కన పెట్టి చూశాకే సంగతి తేలింది. అది 190 కోట్ల సంవత్సరాల కిందట బయలుదేరిన వెలుగు. అప్పటివరకూ పరికరాలకు చిక్కిన గామా పేలుళ్లన్నిటిలోకీ ప్రకాశవంతమైనది. ఇలాంటిది భూమికి పదివేల ఏళ్లకోసారి కనబడుతుందని తరువాత అంచనా కట్టారు. జీఆర్‌బీ 221009ఎ అన్న దాని పేరులో ఉన్నది ఆ తేదీయే.

పేలుడు ఒక్కటే. ఒక పరికరానికి అది మోయలేనంత వెలుగు, మరొకదానికి ఇంటి పక్కన వెలిగిన చిన్న దీపం. గామా పేలుళ్ల పరిశోధన చరిత్రను మొదటి నుంచీ చదువుతూ వస్తే ఈ తీరు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఈ రంగంలో జరిగిన పెద్ద పొరపాట్లలో చాలా భాగం పరికరం హద్దును ఆకాశపు గుణంగా తీసుకోవడం వల్ల వచ్చాయని నా అభిప్రాయం. ముడులు విడిపోయిన ప్రతిసారీ ఒకరు చూడలేనిదాన్ని మరొకరు చూశారు. ఈ సమీక్ష ఆ దారిలోనే సాగుతుంది.

గామా కిరణాలను నేల మీద కూర్చుని నేరుగా పట్టుకోలేం, వాతావరణం వాటిని పైపైనే మింగేస్తుంది. అంతరిక్షానికి వెళ్లినా చిక్కు తీరదు. మామూలు వెలుగును అద్దంతో ఒక బిందువు మీదికి తెచ్చినట్టు వీటిని తేలేం, ఇంత శక్తి ఉన్న కిరణాలు అద్దాన్ని దూసుకుపోతాయి. అందుకే గామా దూరదర్శిని అన్నామే గానీ, అది చాలావరకు లెక్కపెట్టే యంత్రం. ఎప్పుడు వచ్చింది, ఎంత శక్తితో వచ్చింది అన్న రెండు సంగతులు మాత్రమే ఒక్కో కిరణం నుంచి దొరుకుతాయి. మిగిలినదంతా ఆ రెండింటి నుంచి మనిషి రాబట్టుకోవలసిందే.

మొదటి పేలుడును పట్టుకున్నవి ఖగోళ శాస్త్రం కోసం పంపిన ఉపగ్రహాలు కావు. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందం చేసుకున్నాయి. ఎవరైనా అంతరిక్షంలో దొంగచాటుగా బాంబు పేలుస్తారేమోనని అమెరికా వేలా ఉపగ్రహాలను పంపింది. 1967 జూలై 2న వాటిలో నమోదైన ఒక గామా మెరుపు అణుబాంబు తీరులో లేదు. లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో రే క్లెబెసాడెల్ బృందం ఆ కాగితాలను పక్కన పెట్టి, మరింత నిశితంగా కాలం కొలిచే తరువాతి వేలాల కోసం ఆగింది. ఒకే మెరుపు వేర్వేరు ఉపగ్రహాలను చేరిన సమయాల్లో సెకనులో కొద్ది భాగం తేడా ఉంటుంది. ఆ తేడాను బట్టి, మెరుపు భూమి నుంచీ రాలేదు, సూర్యుడి నుంచీ రాలేదు అని తేల్చారు. 1973లో 16 పేలుళ్ల వివరాలతో వ్యాసం వచ్చింది. ఆరేళ్లు ఆగి, ఒక్క మెరుపుతో తొందరపడకుండా, పదహారు పోగుచేసి చెప్పడం నాకు ఈ రంగపు మొదటి గొప్ప విశ్లేషణగా కనిపిస్తుంది.

ఆ తరువాత పాతికేళ్ల దాకా ఇవి ఎంత దూరంలో ఉన్నాయో ఎవరికీ తెలియలేదు. దూరం తెలియకపోతే శక్తి తెలియదు. శక్తి తెలియకపోతే కారణం ఊహించడానికి పట్టూ పగ్గం ఉండదు. అందుకే వందకు పైగా సిద్ధాంతాలు పుట్టుకొచ్చాయి. చాలామంది మొగ్గింది మన పాలపుంతలోని న్యూట్రాన్ తారల వైపు.

1991 ఏప్రిల్‌లో అట్లాంటిస్ షటిల్ మోసుకెళ్లిన కాంప్టన్ గామా కిరణ వేధశాల ఈ లెక్కను తలకిందులు చేసింది. దాని ఎనిమిది మూలల్లో బాట్సే అనే పరికరం తాలూకు ఎనిమిది భాగాలుండేవి. ఒక్కోదానిలో అర మీటరు వెడల్పు, సెంటీమీటరు పైచిలుకు మందం ఉన్న సోడియం అయొడైడ్ పలక. గామా కిరణం పలకలో పడితే చిన్న వెలుగు మెరుస్తుంది. దాన్ని ఫోటో మల్టిప్లయర్ గొట్టం విద్యుత్ స్పందనగా మారుస్తుంది, స్పందన ఎత్తు కిరణం శక్తిని చెబుతుంది. పేలుడుకు ఎదురుగా ఉన్న పలకకు ఎక్కువ కిరణాలు, వాలుగా ఉన్నదానికి తక్కువ. ఎనిమిదింటి లెక్కలను పోల్చితే దిక్కు తెలుస్తుంది. కచ్చితంగా కాదు, కొన్ని డిగ్రీల తేడాతో. 2000 జూన్‌లో వేధశాలను సముద్రంలో దించేలోగా బాట్సే 2704 పేలుళ్లను నమోదు చేసింది. అవి ఆకాశమంతా సమంగా చెదిరి ఉన్నాయి, పాలపుంత పట్టీ మీద గుమికూడలేదు.

దీనితోనే వాదం ముగిసిపోవాలి కదా అనిపిస్తుంది. ముగియలేదు. పాలపుంత చుట్టూ చాలా పెద్ద వలయంగా న్యూట్రాన్ తారలు పరుచుకుని ఉంటే అప్పుడూ సమంగానే కనబడతాయని ఒక వర్గం నిలబడింది. 1995 ఏప్రిల్ 22న వాషింగ్టన్‌లో బోడాన్ పచిన్‌స్కీ విశ్వదూరాల పక్షాన, డొనాల్డ్ ల్యాంబ్ గెలాక్సీ పక్షాన బహిరంగంగా వాదించారు. 1920లో ఖగోళ శాస్త్రవేత్తలు షాప్లీ, కర్టిస్ విశ్వం పరిమాణం గురించి వాదించుకున్న చోటే, 75 ఏళ్ల తరువాత. చేతిలో వేల పేలుళ్లున్నా ఎటూ తేలకపోవడానికి కారణం వాటి చోటు తెలియకపోవడమే. ఆకాశంలో కొన్ని డిగ్రీల ముక్కలో లెక్కలేనన్ని గెలాక్సీలుంటాయి. వాటిలో దేన్నని వెతకాలి?

చోటు కనిపెట్టడానికి మరో ఉపాయం ముందే ఉంది. డిటెక్టర్ మీద, కొంత ఎత్తున, చిల్లులున్న లోహపు ముసుగు పెడతారు. తాటాకు పందిరి సందుల్లోంచి ఎండ పడి నేల మీద మచ్చలు పరుచుకున్నట్టు, ముసుగు నీడ డిటెక్టర్ మీద పడుతుంది. మూల వనరు కొంచెం జరిగితే నీడా జరుగుతుంది. చిల్లుల అమరిక ఎక్కడా తనను తాను పోలకుండా వేస్తారు గనుక, నీడ జరిగిన కొలతను బట్టి వెలుగు వచ్చిన దిక్కును గణితంతో వెనక్కి లాగవచ్చు. ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి 1996లో పంపిన బెప్పోసాక్స్‌లో ఇలాంటి విశాల దృష్టి కెమెరాలుండేవి. 1997 ఫిబ్రవరి 28న ఒక పేలుడు దానికి చిక్కింది. ఎనిమిది గంటల్లో ఉపగ్రహాన్ని తిప్పి సున్నితమైన ఎక్స్‌రే కళ్లతో చూస్తే అక్కడ ఆరిపోతున్న ఒక వనరు కనిపించింది. ఒక రోజు కాకముందే కానరీ దీవుల్లోని విలియం హెర్షెల్ దూరదర్శిని అక్కడే మామూలు వెలుగును చూసింది. గామా మెరుపు పోయాక కూడా రోజుల తరబడి మిగిలే ఈ వెలుగును అనంతర కాంతి అంటున్నారు. అదే ఏడాది మే 8న వచ్చిన పేలుడు అనంతర కాంతిని హవాయిలోని కెక్ దూరదర్శిని వర్ణపటంగా విడదీసింది. దారిలో దూర గెలాక్సీ వాయువు మింగిన గీతలు అందులో దొరికాయి. అలా తేలిన రెడ్‌షిఫ్ట్ 0.835. అంటే ఆ వెలుగు సుమారు 700 కోట్ల ఏళ్లు ప్రయాణించింది. పచిన్‌స్కీ మాటే నెగ్గింది.

బాట్సే వేల పేలుళ్లతో తెగని వాదాన్ని బెప్పోసాక్స్ రెండు పేలుళ్లతో తెంచింది. ఎన్ని చూశామన్నదానికంటే, ఒక్కదాన్ని ఎంతమందికి ఎంత త్వరగా చూపించామన్నదే ఇక్కడ పనిచేసింది. 2004 నవంబరులో అమెరికా పంపిన స్విఫ్ట్ ఈ పాఠాన్ని యంత్రంలోనే పొదిగింది. 52 వేల సీసపు బిళ్లలతో చేసిన ముసుగు, దాని కింద 32,768 చిన్న డిటెక్టర్లు. పేలుడు కనబడగానే ఎవరి అనుమతీ అడగకుండా ఉపగ్రహం తనంతట తానే తిరిగి, ఒకటి రెండు నిమిషాల్లో ఎక్స్‌రే, అతినీలలోహిత దూరదర్శినులను అటు గురిపెడుతుంది. చోటును నేలకు చేరవేస్తుంది. ఆ ప్రాజెక్టును నడిపిన నీల్ గెరెల్స్ 2017లో మరణించాక దానికి ఆయన పేరు చేర్చారు.

దూరం తెలిశాక కొత్త భయం పట్టుకుంది. వచ్చిన శక్తిని అన్ని దిక్కులకూ సమంగా వెదజల్లారనుకుని లెక్కగడితే సంఖ్యలు నమ్మశక్యంగా ఉండవు. 221009ఎ విషయంలో ఆ లెక్క, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితమంతటిలో వెలువరించే శక్తికి సుమారు పదివేల రెట్లు వస్తుంది. కానీ అన్ని దిక్కులకూ అన్నది మన ఊహ మాత్రమే, పేలుడు మనకు అలా చెప్పలేదు. చైనాలోని సిచువాన్ కొండల మీదున్న లాసో వేధశాల ఈ పేలుడు తాలూకు అతిశక్తి కిరణాలను మొదటి 3000 సెకన్లలోనే 64 వేలకు పైగా పరోక్షంగా పట్టుకుంది. వెలుగు ఎప్పుడు ఏ వేగంతో తగ్గిందో చూసి, పేలుడు ఒక సన్నని ధారగా, నడుమ నుంచి అంచుకు 0.8 డిగ్రీలు మాత్రమే విచ్చుకుని వచ్చిందని అంచనా వేసింది. అంత సన్నని ధార ఆకాశంలో ఆక్రమించే భాగం పదివేల వంతు. దానితో గుణిస్తే సూర్యుడి జీవితకాలపు శక్తికి ఇంచుమించు సమానమవుతుంది. అదీ తక్కువేమీ కాదు, కానీ కూలిపోయే ఒక భారీ నక్షత్రం ఇవ్వగలిగినదే.

ధార వేగాన్ని మరో దారిలో పట్టుకున్నారు. పేలుడు వెలుగు వెయ్యో వంతు సెకనులో ఎగిసి పడుతుంటే, వెలుతురు ఆ కాసేపట్లో పోగలిగే దూరం 300 కిలోమీటర్లే గనుక, మూలం అంతకంటే పెద్దది కాకూడదు. అంత ఇరుకు చోట అంత గామా వెలుగుంటే కిరణాలు ఒకదానితో ఒకటి ఢీకొని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలుగా మారిపోవాలి. బయటికి ఏదీ రాకూడదు. వస్తోంది. కాబట్టి ఆ పదార్థం వెలుతురు వేగానికి అతి చేరువలో మన వైపు దూసుకొస్తుండాలి, అప్పుడే ఈ రెండు లెక్కలూ కుదురుతాయి.

ఇక సెకన్ల విషయం. పేలుడు ఎంతసేపు ఉంది అన్నది అడగ్గానే చెప్పేయగల సంగతిలా కనబడుతుంది. ఆచరణలో వాడే కొలత వేరు. మొత్తం లెక్కలో 5 శాతం వచ్చిన క్షణం నుంచి 95 శాతం వచ్చిన క్షణం దాకా పట్టిన కాలం అది. 1993లో క్రిస్సా కువెలియోటూ బృందం బాట్సే పేలుళ్లను ఇలా పేర్చితే రెండు గుట్టలయ్యాయి. వాటి మధ్య లోయ 2 సెకన్ల దగ్గర పడింది. పొడుగువి భారీ నక్షత్రాలు కూలినప్పుడు, పొట్టివి రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు అన్న బొమ్మ క్రమంగా స్థిరపడింది. పొడుగువాటికి సాక్ష్యం 1998లోనూ, మరింత గట్టిగా 2003 మార్చి 29 పేలుడుతోనూ దొరికింది. అనంతర కాంతి ఆరుతున్న చోటే సూపర్‌నోవా వర్ణపటం పైకి తేలింది.

పొట్టివాటి సాక్ష్యం కోసం 2017 ఆగస్టు 17 దాకా ఆగాల్సి వచ్చింది. మన సాయంత్రం 6 గంటల 11 నిమిషాలకు ఫెర్మీ ఒక బలహీనమైన పొట్టి పేలుడును గుర్తించి, 14 సెకన్లలో ప్రపంచానికి యంత్రసందేశం పంపింది. చూడటానికి ఏటా వచ్చే వందల సందేశాల్లో ఒకటి. అంతకు 1.7 సెకన్ల ముందే లైగో గురుత్వ తరంగ శోధకాల గుండా ఒక తరంగం సాగిపోయిందని తరువాతి నిమిషాల్లో తెలిసింది. లైగోలో ఒకటైన లివింగ్‌స్టన్ శోధకంలో సరిగ్గా ఆ సమయంలోనే ఒక అలజడి చప్పుడు పడటంతో అక్కడి యంత్రం దాన్ని తనంతట గుర్తించలేదు. మనుషులు కూర్చుని ఆ మచ్చను తొలగించి చూస్తే కింద తరంగం చెక్కుచెదరకుండా ఉంది. ఫెర్మీ చూపిన చోటు వెయ్యి చదరపు డిగ్రీలకు పైనే. రెండు లైగోలూ, ఇటలీలోని విర్గో కలిసి దాన్ని సుమారు 30కి కుదించాయి. 11 గంటలు తిరక్కుండానే చిలీలోని స్వోప్ దూరదర్శిని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో కొత్త వెలుగును చూసింది. దూరం 13 కోట్ల కాంతి సంవత్సరాలు. తరువాతి రోజుల్లో ఆ వెలుగు నీలం నుంచి ఎరుపుకు మారిన తీరు, బరువైన మూలకాలు అప్పుడే తయారవుతున్నాయని చెప్పింది.

ఆ పేలుడు తన దూరానికి ఉండాల్సినదానికంటే చాలా మసకగా ఉంది. ధార మన వైపు కాక పక్కకు చూస్తుండటమే కారణమని రేడియో దూరదర్శినులు నెలల తరబడి గమనించి తేల్చాయి. గురుత్వ తరంగం పిలవకపోతే దీన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఫెర్మీ ఒక్కటే చూసి ఉంటే, జాబితాలో ఒక బలహీనమైన వరుసగా అది మిగిలిపోయేది.

రెండు సెకన్ల గీత కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 2020 ఆగస్టు 26న వచ్చిన పేలుడు సుమారు ఒక సెకనే ఉంది గానీ వెనక సూపర్‌నోవా జాడ తేలింది. 2021 డిసెంబరు 11న వచ్చినది యాభై సెకన్లకు పైగా సాగింది. అయినా అక్కడ సూపర్‌నోవా లేదు, న్యూట్రాన్ తారలు కలిసినప్పుడు వచ్చే ఎర్రబారే వెలుగు ఉంది. నైనితాల్ దగ్గర దేవస్థల్‌లోని 3.6 మీటర్ల దూరదర్శిని పరిశీలనలు కూడా ఆ నిర్ధారణలో భాగమయ్యాయి. 2023 మార్చి 7 పేలుడూ పొడుగుదే. దాని మలివెలుగులో జేమ్స్ వెబ్ దూరదర్శిని టెలూరియం గుర్తులను చూసింది. వెనక్కి చూస్తే 2006లోనే సూపర్‌నోవా లేని పొడుగు పేలుళ్లు కనిపించాయి, కానీ వాటిని వింతలుగా పక్కన పెట్టారు. ఆ లోయ 2 సెకన్ల దగ్గర పడటం బాట్సే ఎంత శక్తి ఉన్న కిరణాలను చూడగలిగిందన్నదాని మీద కూడా ఆధారపడిన విషయం. తక్కువ శక్తి వైపు చూసే స్విఫ్ట్‌కు ఆ గీతను ఒక సెకను లోపలికి జరపాలని 2013లో ఒక విశ్లేషణ వాదించింది. బలహీనమైన పేలుడు తోక నేపథ్యంలో మునిగిపోతే పొడుగుది పొట్టిగా కనబడుతుంది. సెకన్లను బట్టి పుట్టుక చెప్పే అలవాటును ఈ రంగం ఇప్పటికైనా పూర్తిగా వదులుకోవాలి. పాఠ్యపుస్తకాల్లో మాత్రం అది ఇంకా నియమంలాగే ఉంది.

వర్ణపట విశ్లేషణలోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. 500 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం స్ఫటికంలోకి వచ్చి, కొంత శక్తి వదిలి, తప్పించుకుని బయటికి పోవచ్చు. అప్పుడు పరికరం దాన్ని 200 అని రాసుకుంటుంది. ఇంకొన్ని కిరణాలు భూమి వాతావరణాన్ని తాకి తిరిగొచ్చి పడతాయి. కాబట్టి పరికరం ఇచ్చిన లెక్కలే అసలు వర్ణపటం కావు. వాటిని నేరుగా వెనక్కి తిప్పడమూ కుదరదు. జరిగే పని ఇది: ముందు ఒక ఆకారం ఊహిస్తారు, దాన్ని పరికరం స్పందన పట్టిక గుండా పంపి, వచ్చే లెక్క నిజంగా వచ్చిన లెక్కతో కుదురుతుందేమో చూస్తారు. 1993లో డేవిడ్ బ్యాండ్ బృందం సూచించిన సూత్రం ఇందుకు దశాబ్దాలు నడిచింది. ఒక వంపుతో కలిసిన రెండు వాలులు, అంతే. దాని వెనక భౌతికశాస్త్రం ఏమీ లేదు, కుదురుతుంది కాబట్టి వాడారు. ఆ సూత్రంతో వచ్చిన వాలులు, అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ల వెలుగు, అంటే సింక్రోట్రాన్ కాంతి, ఇవ్వగలిగిన హద్దును చాలా పేలుళ్లలో దాటడంతో, సింక్రోట్రాన్ కారణం కాదని ఎందరో రాశారు. 2020లో ఒక బృందం బ్యాండ్ సూత్రాన్ని పక్కన పెట్టి, సింక్రోట్రాన్ ఆకారాన్నే నేరుగా స్పందన పట్టిక గుండా పంపి చూసింది. చాలా పేలుళ్లకు అది చక్కగా కుదిరింది. డేటా పాతదే. కొట్టేసినది నిజానికి ఒక సూత్రపు వాలును, ప్రకృతిని కాదు.

వెలుగు ఎలా పుడుతోందన్న ఈ ప్రశ్నకు వర్ణపటం కాకుండా మరో తలుపు ఉంది: ధ్రువణం. ధారలో అయస్కాంత క్షేత్రం ఒక క్రమంలో ఉంటే వచ్చే కిరణాల కంపనం ఒకే దిశకు మొగ్గుతుంది. క్షేత్రం చిందరవందరగా ఉంటే మొగ్గు చాలావరకు చెదిరిపోతుంది. భారతదేశం ఈ రంగంలో సొంతంగా చెప్పగలిగిన మాట ఇక్కడే ఉంది.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ను 650 కిలోమీటర్ల కక్ష్యకు చేర్చింది. దానిలోని సీజెడ్‌టీఐ పరికరాన్ని అక్టోబరు 6న ఆన్ చేశారు. అదే రోజు ఒక గామా పేలుడు అందులో పడింది. పరికరం చూస్తున్న వైపు నుంచి కాదు, దాదాపు 60 డిగ్రీలు పక్కనుంచి. నిజానికి సీజెడ్‌టీఐ గురి ఐదు డిగ్రీల కంటే ఇరుకైన కిటికీ. కానీ 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కిరణాలకు పక్క గోడలు అడ్డు రావు. తయారుచేసినవారు దీన్ని లోపంగా కాక అవకాశంగా చూశారు. 2023 నవంబరు 22 నాటికి అది పట్టుకున్న పేలుళ్లు 600.

లోపల కాడ్మియం జింక్ టెలూరైడ్ పలకలు 64, నాలుగు భాగాలుగా. మొత్తం 16,384 గళ్లు, ఒక్కో గడి రెండున్నర మిల్లీమీటర్లు. ఒక గడిలో పడిన కిరణం అక్కడి ఎలక్ట్రాన్‌ను తన్ని, చెదిరి, పక్క గడిలో ఆగితే రెండు గళ్లూ దాదాపు ఒకే క్షణాన మోగుతాయి. కిరణం తన కంపన దిశకు అడ్డంగా చెదరడానికే ఎక్కువ ఇష్టపడుతుంది. ఇలాంటి జంటలు ఎటు ఎక్కువ, ఎటు తక్కువ అని ఎనిమిది దిక్కుల్లో లెక్కిస్తే ధ్రువణం తెలుస్తుంది. చెప్పినంత సులువు కాదు. చదరపు గళ్లకు భుజం తగిలే పొరుగువారు నలుగురు, మూల తగిలేవారు నలుగురు. ధ్రువణం లేకపోయినా భుజాల వైపు జంటలు ఎక్కువ వస్తాయి. పక్కనుంచి వచ్చే కిరణం ఉపగ్రహంలోని ఇతర పరికరాల గుండా, గోడల గుండా రావాలి. అందుకే ఆస్ట్రోశాట్ మొత్తాన్ని, ఏ భాగం ఏ లోహంతో ఉందో సహా, కంప్యూటర్లో నిర్మించి, ప్రతి పేలుడుకూ దాని దిక్కు నుంచి ధ్రువణం లేని కిరణాలను కోట్ల సంఖ్యలో పంపి చూస్తారు. దానికీ నిజంగా వచ్చినదానికీ ఉన్న తేడాయే జవాబు.

ఈ జాగ్రత్త ఎందుకంటే ముందు ఒక చేదు అనుభవం ఉంది. 2003లో, రెసీ అనే సౌర ఉపగ్రహం డేటాతో, 2002 డిసెంబరు 6 పేలుడులో 80 శాతం ధ్రువణం ఉందని పెద్ద ప్రకటన వచ్చింది. ఏడాది తిరక్కుండా అదే డేటాను మరో ఇద్దరు విశ్లేషించి, అసలైన జంటలు అందులో చాలా తక్కువనీ, ధ్రువణం ఉందనిగానీ లేదనిగానీ చెప్పలేమనీ తేల్చారు. చైనా అంతరిక్ష ప్రయోగశాల తియాన్‌గాంగ్-2 మీదున్న పోలార్ పరికరం 2019లో ఐదు పేలుళ్ల ఫలితాలు ఇచ్చింది. సగటున 10 శాతం దగ్గర, అంటే తక్కువ. అదే ఏడాది సీజెడ్‌టీఐ మొదటి జాబితాలో కొన్నింటికి ఎక్కువ ధ్రువణం కనిపించింది. రెండూ పొసగనట్టే అనిపించింది. అయిదేళ్ల డేటాతో వచ్చిన రెండో జాబితాలోని 20 పేలుళ్లలో చాలావాటికి సగటు ధ్రువణం తక్కువే, కొద్దింటికే ఎక్కువ. మధ్యలో 2016 ఆగస్టు 21 పేలుడు ఒక దారి చూపింది. దాన్ని ముక్కలుగా కోసి చూస్తే ఒక్కో ముక్కలో ధ్రువణం బలంగా ఉంది, కానీ దిశ ముక్క ముక్కకూ మారిపోతోంది. మొత్తం కలిపి సగటు తీస్తే ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. అంటే తక్కువ అన్న జవాబు కొన్నిసార్లు సగటు తీయడం వల్లే పుట్టవచ్చు. ముక్కలు చేయాలంటే ప్రతి ముక్కలోనూ చాలినన్ని జంటలుండాలి, అంతటి ప్రకాశవంతమైన పేలుళ్లు అరుదు. ప్రశ్న ఇంకా తెగలేదు. ఇప్పుడే ఏదో ఒక పక్షం తీసుకోవడం తొందరపాటని నా ఉద్దేశం.

మళ్లీ 221009ఎ దగ్గరికి వస్తే, పెద్ద పరికరాలు దాని శిఖరం దగ్గర ఉక్కిరిబిక్కిరయ్యాయి. ఒక కిరణాన్ని నమోదు చేస్తుండగానే మరోటి వచ్చి పడితే రెండూ కలిసి ఒకే పెద్ద కిరణంగా లెక్కకెక్కుతాయి. లేదా అసలు లెక్కకే రావు. ఫెర్మీ బృందం ఆ సెకన్ల డేటాను వాడవద్దని హెచ్చరిస్తూ విడిగా గుర్తు పెట్టింది, ఇలా బాహాటంగా చెప్పడం మెచ్చుకోదగ్గ పని. శిఖరాన్ని కొలిచినవాటిలో చైనా వారి గీక్యామ్-సీ ఒకటి. మరొకటి గ్రబ్‌ఆల్ఫా. మధ్య యూరప్ బృందాలు 2021లో పంపిన, ఒక్కో పక్క పది సెంటీమీటర్లుండే బుల్లి ఉపగ్రహం. దాని డిటెక్టర్ చిన్నది గనుకే దానిలో పడిన కిరణాలు తక్కువ. తక్కువ గనుకే అది లెక్క తప్పలేదు.

కొత్త ఉపగ్రహాలు వస్తున్నాయి. 2024 జనవరిలో చైనా ఐన్‌స్టీన్ ప్రోబ్‌ను, జూన్‌లో ఫ్రాన్స్‌తో కలిసి ఎస్‌వామ్‌ను పంపింది. 2025 జూలై 2న ఒకే చోట నుంచి గంటల వ్యవధిలో ఫెర్మీ పలుమార్లు మోగింది. మామూలు పేలుడు సెకన్లు, మహా అయితే నిమిషాలు. ఇది దాదాపు రోజంతా సాగింది, పైగా అంతకు ముందు రోజే ఐన్‌స్టీన్ ప్రోబ్‌కు అక్కడ మృదువైన ఎక్స్ కిరణాలు కనిపించాయి. ఫెర్మీ యంత్రం ప్రతి మోతనూ విడి పేలుడుగా రాసుకుంది, ఎందుకంటే దాన్ని తయారుచేసినప్పుడు నేపథ్యాన్ని గడచిన కొద్ది సెకన్ల సగటుతో పోల్చమని చెప్పారు. గంటల పాటు మెల్లగా వెలిగే పేలుడు ఆ పోలికకు చిక్కదు. ఇలాంటివి పాత రికార్డుల్లో ఎన్ని దాగి ఉన్నాయో వెతకాల్సిన పని మిగిలి ఉంది. ప్రతి కిరణం వచ్చిన సమయాన్నీ విడివిడిగా భద్రపరిచిన చోటే అది సాధ్యం. సీజెడ్‌టీఐ అలా భద్రపరుస్తుంది, పేలుళ్లను తరువాత నేల మీద డేటాలో వెతుకుతారు.

2017 ఆగస్టు 17న ఎన్‌జీసీ 4993 వెలిగినప్పుడు సీజెడ్‌టీఐ పనిచేస్తూనే ఉంది. కానీ ఆ క్షణాన ఆస్ట్రోశాట్‌కూ ఆ గెలాక్సీకీ మధ్య భూమి అడ్డంగా ఉంది. భూమికి దగ్గరగా తిరిగే ఏ ఒంటరి ఉపగ్రహానికైనా ఆకాశంలో మూడో వంతు దాకా ఇలా మూసుకుపోతుంది. ఐఐటీ బాంబే నాయకత్వంలో మన పరిశోధక సంస్థలు ప్రతిపాదించిన దక్ష పథకం ఈ లెక్కతోనే రూపుదిద్దుకుంది: రెండు ఉపగ్రహాలు, భూమికి చెరో వైపు, ఒకటి చూడలేని దిక్కును రెండోది చూసేలా. ఆస్ట్రోశాట్ అయిదేళ్ల కోసం వెళ్లి, ఆ గడువు దాటాక కూడా పనిచేస్తూ వచ్చింది. భారత్‌లో కట్టబోయే లైగో మరాఠ్వాడాలోని హింగోలి దగ్గర తరంగాల కోసం చెవి ఒగ్గే నాటికి, ఆకాశంలో మన డిటెక్టర్లు భూమికి రెండు వైపులా ఉండేలా ఇప్పుడే డబ్బు కేటాయించాలి.